ఊరూ పేరూ లేని మాట

2024 సెప్టెంబర్ 10, చాకలి ఐలమ్మ వర్ధంతి. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్లు ముఖ్యమంత్రి ప్రకటించింది ఆ రోజే. పొద్దుటి నుంచీ నా ఫోన్ మోగుతూనే ఉంది. ఒక స్నేహితురాలు పంపిన మెసేజ్‌లో బొమ్మ చాలా బాగుంది. నడుముకు చెంగు బిగించి, చేతిలో తుపాకితో, గుట్ట ముందు నిలబడిన పడుచు. కింద నాలుగే వాక్యాలు. ఐలమ్మ 1919లో పుట్టిందట. తుపాకి పట్టి రజాకార్లను ఎదిరించిందట. 1948లో వాళ్ళ తూటాలకు నేలకొరిగిందట. చరిత్ర పుస్తకాలు దాచిన ఈ నిజాన్ని పదిమందికీ చేర్చాలట.

నేను చేర్చాను. రెండు గ్రూపులకు, క్లాసుకు వెళ్ళే తొందరలో, చదివీ చదవకుండానే. ఏళ్ళ తరబడి చరిత్ర పాఠం చెబుతున్నదాన్ని, పరీక్ష పేపర్ల మీద ఎర్ర సిరాతో "ఆధారం?" అని రాసేదాన్ని. ఐలమ్మ 1985లో చనిపోయిందని నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ ఉదయం నా వేలు నా బుర్రకన్నా ముందు కదిలింది.

సాయంత్రం పాలకుర్తి దగ్గరి ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఫోన్ చేసింది. "మేడం, ఏమనుకోకుండ్రి. ఐలమ్మ నలభై ఎనిమిదిలనే సచ్చిపోతే మా అమ్మమ్మ ఆమె దినాలకు ఎట్ల పోయింది? మా అమ్మమ్మ పెండ్లే డెబ్బైలల్ల అయింది గద."

ఆ పిల్ల 'తప్పు' అన్న మాట వాడలేదు. అడిగింది, అంతే. ఆ రాత్రి కూర్చుని, ఆ నాలుగు వాక్యాలను ఒక్కొక్కటిగా విప్పి చూశాను. పొద్దున చేయవలసిన పనే.

మొదట బొమ్మ. గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికితే కొన్ని వారాలకన్నా ముందు అది ఎక్కడా కనిపించలేదు. పెద్దది చేసి చూస్తే వేళ్ళు తుపాకి గొట్టంలో కలిసిపోయి ఉన్నాయి. యంత్రం గీసిన బొమ్మ. మన పోరాటానికి ఛాయాచిత్రాలు లేక కాదు. తుపాకులతో వరసగా నిలబడిన స్త్రీల ఛాయాచిత్రం, మల్లు స్వరాజ్యం ఉన్నది, మనందరం చూసిందే. అది ఉండగా ఈ బొమ్మ ఎందుకు కావలసివచ్చిందో తర్వాత చెబుతాను.

రెండోది పుట్టుక. కొన్ని మెసేజ్‌లలోనూ పత్రికా వ్యాసాల్లోనూ 1919 అని ఉంటుంది. ఇప్పుడు జయంతి జరుపుతున్న లెక్క ప్రకారం 1895 సెప్టెంబర్ 26. ఇరవై నాలుగేళ్ళ తేడా. ఆ రోజుల్లో చాకలి ఇంట పుట్టిన ఆడపిల్లకు జన్మపత్రం రాసేదెవరు? అలాంటప్పుడు చేయగలిగింది ఒకటుంది. బతుకులోని మిగతా విషయాలతో పోల్చి చూడడం. 1940ల నడుమ విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంట మీద పడేటప్పటికి ఆమెకు ఎదిగిన కొడుకులున్నారు. 1919లో పుడితే ఆనాటికి ఆమెకు ఇరవై ఆరో ఇరవై ఏడో. లెక్క కుదరదు. ఈ పాటి కూడిక తీసివేత చేయడానికి ఏ వెబ్‌సైటూ అవసరం లేదు. ఒక స్త్రీకి ఎప్పుడు పెళ్ళయింది, ఎప్పుడు పిల్లలు పుట్టారు అన్నవి చరిత్రకు పనికొచ్చే తేదీలేనని ఒప్పుకుంటే చాలు.

మూడోది మరణం. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామంది ఇళ్ళలో ఉంది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసి తెచ్చిన పుస్తకం. అందులో ఐలమ్మ మాట్లాడింది. 1948లో చనిపోయిన మనిషి టేపు ముందు కూర్చుని మాట్లాడదు కదా.

ఇక నాలుగోది, తుపాకీ రజాకార్లూ. అసలు గుట్టంతా ఇక్కడే ఉంది. రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో పుట్టి, పాలకుర్తికి కోడలుగా వచ్చిన ఐలమ్మ, మల్లంపల్లి మక్తేదారు భూమిని కౌలుకు తీసుకుని సాగు చేసింది. వెట్టి చేయవలసిన కులం మనిషి సొంత పంట తీయడం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి కంటగింపయింది. కోతకొచ్చిన పంట మీదికి తన మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వచ్చి, వరి కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. అప్పటికి సంఘం చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. ఆమె ఎదిరించింది దొరను. ఆమె దక్కించుకున్నది గింజలను.

మెసేజ్‌లో దొర లేడు. భూమి లేదు. కులం అసలే లేదు. దొర ఉండవలసిన చోట రజాకారు వచ్చి కూర్చున్నాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే, అదే జనగామ జిల్లాలో ఉన్న కామారెడ్డిగూడెం కనబడకుండా పోయింది. 1940ల మొదట్లో అక్కడ షేక్ బందగీ తన భూమి కోసం నిలబడినందుకు ఇదే దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో చనిపోయాడు. 'మా భూమి' నాటకం వెనక ఉన్నది అతని కథే. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య కూలింది కూడా రజాకార్ల తూటాకు కాదు, దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు. 1947, 48లలో రజాకార్లు చేసిన ఘోరాలు తక్కువవేం కాదు. వాటిని ఎవరూ దాచనక్కరలేదు. అయితే ముస్లిం రైతును హిందూ దేశ్‌ముఖ్ చంపించిన నేల మీద, చాకలి స్త్రీ హిందూ దేశ్‌ముఖ్‌తో పేచీ పడిన నేల మీద, ప్రతి సెప్టెంబరులోనూ వాట్సాప్ రెండు మతాల కథ మాత్రమే నడిపిస్తోంది. ఇది పొరపాటున జరుగుతున్న పని అని నేననుకోను.

పడుచు బొమ్మ ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. వీరనారి అంటే వయసులో ఉండాలి, ఆయుధం పట్టాలి, వెంటనే చచ్చిపోవాలి. పోరాటం ముగిశాక మరో మూడు దశాబ్దాలకు పైగా అదే పాలకుర్తిలో ముసలిదై బతికిన స్త్రీ, తన గురించి తానే మాట్లాడిన స్త్రీ, బొమ్మలో ఇమడదు.

ఇంతవరకూ రాసి, నాకు నేనే ఒక ప్రశ్న వేసుకోవలసి వచ్చింది. మన స్త్రీల చరిత్ర ఎక్కడి నుంచి వచ్చింది? కాగితాల నుంచి రాలేదు. నోటి మాట నుంచి వచ్చింది. ముసలమ్మల జ్ఞాపకాలకు ఆధారాలేవని ఇప్పటికీ సెమినార్లలో అడిగేవాళ్ళున్నారు. పైగా వదంతికి మన భాషలో ఉన్న పేర్లలో ఒకటి అమ్మలక్కల కబుర్లు. ఆడవాళ్ళ మాటను పుకారంటే మనం కోప్పడతాం. మరి ఈ మెసేజ్‌ను పుకారని నేను ఏ అధికారంతో కొట్టిపారేస్తున్నాను?

పుకారును చరిత్రకారులు తేలికగా తీసుకోలేదు. 1983లో వచ్చిన పుస్తకంలో రణజిత్ గుహ రైతుల తిరుగుబాట్లను ఊరి నుంచి ఊరికి మోసుకుపోయింది అదేనన్నారు. దానికి కర్త ఉండడు, విన్న ప్రతి మనిషీ చెప్పే మనిషవుతాడు, అదే దాని బలం. 1921, 22లలో గోరఖ్‌పూర్ పల్లెల్లో గాంధీ మహిమల గురించి తిరిగిన కథలతో షాహిద్ అమీన్ 1984లో గొప్ప వ్యాసం రాశారు. మనుషులను పట్టుకుపోయి రక్తం తీస్తారని తూర్పు, మధ్య ఆఫ్రికాల్లో చెప్పుకున్న మాటలను లూయిస్ వైట్ 2000లో ఒక చరిత్ర గ్రంథంగా మలిచారు. ఈ ముగ్గురి దగ్గరా నేను నేర్చుకున్నాను. అయినా ఒకచోట మనసొప్పదు. పుకారు అధికారం లేనివాళ్ళ ఆయుధం అన్నప్పుడు, ఆ లేనివాళ్ళలో ఆడవాళ్ళున్నారా? దళాల్లో ఉన్న స్త్రీల నడత గురించి గుసగుసలు పుట్టించింది దొరలొక్కరే కాదు. ఆ బాధ కూడా 'మనకు తెలియని మన చరిత్ర'లో స్త్రీలే చెప్పుకున్నారు. పల్లెల్లో మంత్రాల నెపం మీద కొట్టి చంపిన ముసలమ్మల వెనక ఉన్నదీ ఆ కర్త లేని వాక్యమే: "అందరంటుండ్రు." నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత మన ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ బతుకులను మసి చేసిందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

1990లలో తలుపుల మీద సుద్దతో, బొగ్గుతో రాసిన "ఓ స్త్రీ రేపు రా" గుర్తుందా? రాత్రిళ్ళు తిరిగే ఆడదయ్యం ఇంట్లో మనిషి గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే ప్రాణం పోతుందని. కర్ణాటకలోనూ ఇదే కథ "నాళె బా" అని కన్నడంలో గోడలెక్కింది. మేమప్పుడు నవ్వుకున్నాం. చీకటి పడ్డాక తలుపు తట్టే ఆడమనిషి, తెలిసిన గొంతే అయినా, దయ్యమేనని ఊళ్ళకు ఊళ్ళు గోడ మీద రాసుకున్నాయి. మొగుడు తరిమేస్తే అర్ధరాత్రి పుట్టింటి తలుపు తట్టిన పిల్లలు ఆ ఏడాది ఏమయ్యారో అని ఇప్పుడనిపిస్తుంది.

సుద్దముక్కతో రాసిన మాట ఊరు దాటడానికి వారాలు పట్టేది. ఫోనొచ్చాక ఎంతసేపు పడుతుందో 2018 మే నెల చూపించింది. పార్థీ ముఠాలు దిగాయి, పిల్లలను ఎత్తుకుపోతున్నాయి, అవయవాలు కోస్తున్నాయి అంటూ తెలంగాణ అంతటా మెసేజ్‌లు. జనగామ రైలు దారిలోనే ఉన్న బీబీనగర్ మండలంలో బంధువుల ఇంటికి వచ్చిన ఒక మనిషిని గుంపు కొట్టి చంపింది. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసమని భిక్షకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ స్త్రీల మీద పడి ఒకామెను చంపింది. చీర కట్టుకున్న మగవాడు, కనుక దొంగ. అంతకు మించి విచారణ జరగలేదు.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. మోటారుసైకిల్ మీద వచ్చినవాళ్ళు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీయించిన చిన్న సినిమా. ఎత్తుకుపోయినవాళ్ళు పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపేసి, ఇంత తేలిక అని అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను కత్తిరించేశారు. బారులు తీర్చి పడుకోబెట్టిన పిల్లల శవాల ఫొటో 2013లో సిరియాలో విషవాయువుకు బలైన పిల్లలది. పార్థీ అన్న పేరుకు ఇంకా పాత చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద దొంగలుగా ముద్ర పడిన జాతుల్లో పార్థీలూ ఉన్నారు. 1952లో ఆ ముద్రను చట్టం నుంచి తుడిచేశారు. నూటయాభై ఏళ్ళ కిందటి పోలీసు రిజిస్టరును మనం అరచేతిలో మళ్ళీ తెరిచాం.

మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో స్త్రీలను ఈ సంగతి అడిగాను. మగవాళ్ళు కర్రలు పట్టుకుని గస్తీ తిరిగారట. వీళ్ళు పిల్లలను కొంగుకు ముడేసుకుని పడుకున్నారట. నేను కరాచీ వీడియో కథ చెప్పాను. అందరూ విన్నారు. ఒక పెద్దామె మాత్రం ఊరుకోలేదు. "అంత ఉత్తదే అనకు బిడ్డా. దేవరకొండ దిక్కు మా చుట్టాల తండాలల్ల పిల్లలు పోలేదా? రాత్రిపూట దొంగలొచ్చి కొంచవోలే. పగటిపూట కార్లల్ల వచ్చి, కాగితాల మీద ఏలిముద్రలేయించుకొని కొంచవోయిండ్రు."

నాకు నోరు పెగల్లేదు. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాదు దత్తత కేంద్రాల బాగోతం బయటపడినప్పుడు తేలింది అదే. నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి లంబాడ ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, విదేశీ దత్తతలకు పంపేవారు. స్త్రీల సంఘాలు పోరాడాకే ప్రభుత్వం నిబంధనలు మార్చింది. పుకారు అబద్ధం. దాని కింద ఉన్న భయం మాత్రం నిజం. అబద్ధమని తేల్చి ఇంటికి వచ్చేసి ఉంటే నాకు సగమే తెలిసేది.

ఇదే మహబూబాబాద్ పట్టణంలో 2020 అక్టోబరులో తొమ్మిదేళ్ళ బాలుణ్ణి ఎత్తుకుపోయి చంపారు. ఆ పని చేసింది పార్థీ కాదు, బిచ్చగాడు కాదు, చీర కట్టుకున్నవాళ్ళు కాదు. ఆ ఊళ్ళోనే మెకానిక్ పని చేసే, పిల్లవాడు ఎరిగిన మనిషి. జిల్లా కోర్టు 2023లో అతనికి మరణశిక్ష వేసింది. పిల్లలకూ ఆడవాళ్ళకూ ప్రమాదం ఎక్కువగా తెలిసినవాళ్ళ నుంచేనని మనం ఎన్ని సభల్లో చెప్పాం! ఆ మాటను ఎవరూ పదిమందికి ఫార్వర్డ్ చేయరు. గుమ్మం అవతలివాణ్ణి అనుమానించడం తేలిక.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని ఇక్కడ చెప్పాలి. ఆమె నాలుగు వందల ఊళ్ళకు పోలీసులను పంపింది, డప్పుతో, పాటతో. మెసేజ్‌లో ఉన్నది ఎందుకు అబద్ధమో ఊరి భాషలో, ఊరి మధ్యన చెప్పించింది. గుంపుల చేతుల్లో ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు. అదే జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. ఇప్పుడు చాలా చేతులు మారిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. ఐలమ్మ మెసేజ్ మీద కూడా ఆ రెండు బాణాలు ఉన్నాయి. నేను చూడలేదు.

ఇక భూపాలపల్లి. 2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. పక్కనే ఉన్న భూపాలపల్లిలో ఇళ్ళ నుంచి జనం బయటికి పరిగెత్తారు. అంతకు మూడు నెలల ముందు ఆ అడవిలోనే గాలివానకు వేలాది చెట్లు కూలిపోయాయి. రెండింటినీ ముడిపెట్టి దేవతల కోపమన్న మాట ఒకటి. ఇంతకన్నా పెద్దది ఇంకా రాబోతోందన్న మాట మరొకటి. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ, రామగుండం దగ్గర భారీ భూకంపం అని ఇంకొకటి. గోదావరి లోయలో భూమి కదలడం కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చింది 5.7 తీవ్రత. భూకంపం వచ్చే రోజునూ గంటనూ ముందుగా చెప్పగల విద్య ఇంతవరకూ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఇదంతా ఫోన్‌లో చెప్పాను, భూపాలపల్లి సింగరేణి కాలనీలో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలికి. ఆ ఏప్రిల్ రాత్రి ఆమె పిల్లలతో ఆరుబయట చాప వేసుకుని కూర్చుంది. భర్త రాత్రి షిఫ్టుకు గనిలోకి దిగి ఉన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే గావచ్చు. పిల్లలను లోపల పండవెట్టినంక ఏమన్న అయితే ఎవర్ని అంటరు? నన్నే గద. బయట కూసుంటె ఏం పోతది, నా నిద్రే గద."

ఈ జవాబు నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకలేదు. ఆడవాళ్ళు తొందరగా నమ్ముతారు, తొందరగా పంపుతారు అని ఎగతాళి చేస్తాం. నమ్మి మోసపోతే పోయేది ఒక రాత్రి నిద్ర. నమ్మక, ఏదైనా జరిగితే నింద జన్మంతా ఆమెదే. ఆ తూకంలో ఎవరైనా ఫార్వర్డ్ బటనే నొక్కుతారు. హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థ తెలుగులోనే మెసేజ్‌ల నిజానిజాలు పరిశీలించి పెడుతోంది. రాష్ట్ర ప్రభుత్వానికీ 2020 నుంచి ఒక విభాగం ఉంది. మంచిదే. అయితే అవి మెసేజ్‌ను తూస్తాయి. అర్ధరాత్రి చాప మీద కూర్చున్న మనిషి మీద ఉన్న బరువును అవి తూయలేవు. ఆ రాత్రి ఫోన్ పెట్టేయకుండా తెల్లవారుజాము దాకా ఆమెతో మాట్లాడుతూ కూర్చున్నాను. అంతకన్నా నాకేమీ తోచలేదు.

ఐలమ్మ మెసేజ్ పంపిన రెండు గ్రూపుల్లోనూ మరునాడు నా తప్పు ఒప్పుకుంటూ రాశాను. తేదీలు, దేశ్‌ముఖ్ పేరు, పుస్తకం పేరు అన్నీ ఇచ్చాను. అబద్ధానికి నలభైకి పైగా దండాలూ గులాబీలూ వచ్చాయి. సవరణకు రెండు. అందులో ఒకటి, "మేడం, ఏదయితేనేం, స్ఫూర్తి ముఖ్యం కదా" అని. ఆ పంపినాయన కూడా చరిత్ర పాఠమే చెబుతాడు.

ఆ పై ఆదివారం విద్యార్థినితో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాను. జనగామ నుంచి పాలకుర్తి దాకా బస్సు, అక్కడ ఐలమ్మ విగ్రహం దగ్గర దిగి ఆటో. అమ్మమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. మనుమరాలు ఫోన్‌లో రికార్డు నొక్కి, మొదట ఆ రోజు తేదీ, ఊరి పేరు, తన పేరు, అమ్మమ్మ పేరు చెప్పింది. ఇది నేను నేర్పింది కాదు.

ఐలమ్మ దినాలకు వెళ్ళిన సంగతి అడిగితే, చంటిపిల్లను సంకనేసుకుని పోయాననీ, ఎందుకు పోతున్నవని మొగుడు కసిరితే వినలేదనీ చెప్పింది. ఎంతమంది వచ్చారంటే, "మస్తుమంది. లెక్కవెట్టలే" అంది. ఐలమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందో అడిగాం. "నాకేమెర్క బిడ్డా, నేను పుట్టక ముందటి ముచ్చట." ఆ ఇంట్లో కూర్చున్న గంటన్నరలో ఎన్నిసార్లు 'తెల్వదు' అందో తర్వాత రికార్డు వింటూ లెక్కపెట్టాను. పదకొండుసార్లు. నేను పంపిన మెసేజ్‌లో ఆ మాట ఒక్కసారి కూడా లేదు.

వచ్చేముందు మనుమరాలు ఫోన్‌లో ఆ తుపాకి బొమ్మ తీసి చూపించింది. అమ్మమ్మ అద్దాలు సర్దుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవరీమె?"

"ఐలమ్మ అంటుండ్రు అమ్మమ్మా. తుపాకి పట్టిందట, నిజమేనా?"

"నేను సూడలే," అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "సూడంది ఎట్ల జెప్త?" మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది.